చొక్కా కన్నా ముందు చోటు

టీషర్టుల మీద స్క్రీన్ ప్రింటింగ్ నా పని. సొంత బ్రాండ్ పెడతామంటూ కుర్రాళ్లు వస్తుంటారు. పేరు కుదిరిందంటారు, లోగో గీసిపెట్టమంటారు, అప్పటికే ఇన్‌స్టా పేజీ తెరిచేసి ఉంటారు. "ఇవి తొడుక్కునేదెవరు తమ్ముడూ?" అంటే మాత్రం "యూతే కదన్నా" అంటారు. అప్పుడు వాళ్లకు లండన్‌లోని 'ప్యాలెస్' బ్రాండ్ కథ చెబుతాను.

2009లో దాన్ని మొదలుపెట్టిన లెవ్ టాంజు స్కేటర్. అంతకుముందు ఒక స్కేట్‌బోర్డుల షాపులో పనిచేశాడు. థేమ్స్ ఒడ్డున సౌత్‌బ్యాంక్‌లో కాంక్రీటు భవనం కింద ఒక ఖాళీ జాగా ఉంది. 1970ల నుంచీ అది స్కేటర్ల అడ్డా. టాంజు జట్టు అక్కడ తిరిగినదే. వాళ్లంతా కలిసి వాటర్లూలో ఉన్న మురికి కొంపను వెటకారంగా 'ప్యాలెస్' అనేవారు. బ్రాండ్‌కూ అదే పేరు నిలిచింది.

లోకమంతా హెచ్‌డీ వైపు పరుగెడుతుంటే వీళ్లు పాత వీహెచ్‌ఎస్ కెమెరాతో మిత్రుల విన్యాసాలు తీశారు. ఫెర్గస్ పర్సెల్ గీసిన ముక్కోణం లోగోకు మూడు వైపులా పేరుంటుంది. బోర్డు గాల్లో ఎటు తిరిగినా ఏదో ఒక వైపు చదవొచ్చు. ప్రింటింగ్ చేసేవాడిగా నాకు ముచ్చటేసే పనితనం అది. సోహోలో సొంత షాపు తెరిచేసరికి 2015 వచ్చింది. చోటు, జట్టు, వీడియో ముందు, షాపు చివర.

2013లో సౌత్‌బ్యాంక్ జాగాలో దుకాణాలు పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. స్కేటర్లు ఉద్యమించి, మరుసటి ఏడాది దాన్ని ఆపించారు. ఒక అంగడికి తల్లివేరైన చోటు తనలోకి మాత్రం అంగళ్లను రానివ్వలేదు!

బోర్డు మీద కాలు పెట్టనివాళ్లూ ఇప్పుడు ప్యాలెస్ కోసం క్యూ కడతారు. దాన్ని నేను తప్పుపట్టను. బయటివాళ్లు కొంటేనే జట్టు ప్రయాణాలకూ వీడియోలకూ డబ్బు పుడుతుంది. కానీ లోపల నిజంగా ఒక జట్టుందన్న నమ్మకం పోతే, ఆ గుడ్డకు మిగిలేది గుడ్డ ఖరీదే.

మన దగ్గర తిరుప్పూర్ టీషర్టులూ, ప్రింటింగూ వారంలో కుదురుతాయి. రోజూ సాయంత్రం కలిసే పదిమంది, వాళ్లు కలిసే చోటు అలా కుదరవు. అది స్కేటింగే కానక్కర్లేదు, గల్లీ క్రికెట్టయినా సరే. మొదటి లాట్ అమ్ముడుపోకపోయినా ఆ పదిమందీ తొడుక్కుంటారు. ఈ వ్యాపారానికి అంతకన్నా గట్టి పెట్టుబడి నేను చూడలేదు.