డబ్బుతో వచ్చే పీహెచ్‌డీ సీటు

బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో అంతర్జాతీయ సంబంధాల్లో పీహెచ్‌డీ సీటు రావడం వేరు, దానికి డబ్బు రావడం వేరు. ఆ రెండోదాన్నే అక్కడ స్టూడెంట్‌షిప్ అంటారు. ఫీజు నిధి ఇచ్చినవాళ్లే కడతారు, బతకడానికి స్టైపెండ్ ఇస్తారు, చాలాచోట్ల ఫీల్డ్‌వర్క్‌కు విడిగా కొంత ఉంటుంది. అంతర్జాతీయ సంబంధాలకు ప్రపంచంలో తొలి ఆచార్య పీఠం వెలిసింది కూడా ఆ దేశంలోనే, 1919లో, వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో. మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన నాశనం చూసి, అలాంటిది మళ్లీ రాకుండా ఏం చేయాలో చదివి తేల్చాలని డేవిడ్ డేవీస్, ఆయన చెల్లెళ్లు దానికి సొమ్ము పెట్టారు. ఈ చదువు పుట్టిందే ఇంకొకరి డబ్బుతో. కాబట్టి నిధి అడగడాన్ని చేయి చాచడంగా భావించనక్కర్లేదు.

సామాజిక శాస్త్రాలకు అక్కడ పెద్ద నిధి ఈఎస్‌ఆర్‌సీ అనే మండలిది. అది యూకేఆర్‌ఐ అనే ప్రభుత్వ సంస్థలో భాగం. ఈ డబ్బు విద్యార్థికి నేరుగా రాదు. కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకున్న డాక్టోరల్ శిక్షణ భాగస్వామ్యాల ద్వారా వస్తుంది. 2021 నుంచి విదేశీ విద్యార్థులూ వీటికి పోటీపడవచ్చు, అయితే చేర్చుకునేవారిలో వారి వాటా 30 శాతం దాటకూడదు. 2025-26కు యూకేఆర్‌ఐ నిర్ణయించిన కనీస స్టైపెండ్ ఏడాదికి 20,780 పౌండ్లు, దానిపై ఆదాయపు పన్ను ఉండదు. ఇవి కాక ఆక్స్‌ఫర్డ్‌లో క్లారెండన్, కేంబ్రిడ్జిలో గేట్స్ లాంటి నిధులున్నాయి. ప్రధానంగా భారతీయులకు ఉద్దేశించిన ఫెలిక్స్ స్కాలర్‌షిప్ కూడా ఉంది.

ప్రకటన చూడగానే తేల్చుకోవాల్సింది ఆ పరిశోధనాంశం ఎవరిదన్నది. కొన్ని స్టూడెంట్‌షిప్‌లలో అంశం ముందే ఖాయమై ఉంటుంది. ఒక ప్రొఫెసర్ తెచ్చుకున్న గ్రాంటులో భాగంగానో, బ్రిటిష్ లైబ్రరీ, ఇంపీరియల్ వార్ మ్యూజియమ్స్ వంటి సంస్థలతో కలిసి చేసే ప్రాజెక్టుగానో అవి వస్తాయి. వీటికి దరఖాస్తు చేయడం దాదాపు ఉద్యోగానికి చేసినట్టే. ఆ పనికి తగిన భాష, పద్ధతి, అనుభవం ఉన్నాయని చూపించాలి. తమ సొంత ప్రశ్నను అందులో ఇరికించబోయేవారు సాధారణంగా నష్టపోతారు. రెండో రకంలో అంశాన్ని విద్యార్థే తెచ్చుకోవాలి. కష్టమంతా అక్కడే ఉంది.

హైదరాబాద్‌లో ఎంఏ చేసిన విద్యార్థి మొదట రాసుకునే శీర్షిక ‘స్వాతంత్ర్యానంతర భారత విదేశాంగ విధానం’ లాంటిదై ఉంటుంది. అది లైబ్రరీలో ఒక బీరువాకు అంటించే చీటీ, ప్రశ్న కాదు. కొంచెం తగ్గిస్తే ‘భారత్, ఐక్యరాజ్యసమితి’ అవుతుంది. ఇంకా దిగితే 1948 దగ్గర ఆగుతుంది. ఆ ఏడాది ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం భారత్‌పై భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. 16న పారిస్‌లో సమావేశమైన మండలి ఆ ఫిర్యాదును చర్చకు తీసుకుంది. మరునాడే నిజాం చేతులెత్తేశాడు, వారం తిరక్కుండా ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నట్టు తంతి పంపాడు. సభ్యత్వం లేని రాజ్యం కూడా తన వివాదాన్ని మండలి ముందు పెట్టవచ్చని ఐరాస చార్టర్ 35వ అధికరణం చెబుతుంది. మరి హైదరాబాద్ రాజ్యమా, కాదా అన్నది తేల్చకుండానే మండలి ఆ ఫిర్యాదును ఎలా చేపట్టింది? ఆనాడు మండలిలో కూర్చున్న దేశాలు దేన్ని చూసి అటో ఇటో మొగ్గాయి?

ఇప్పుడది ప్రశ్న అయింది. దీనికి ఆధారాలు ఎక్కడున్నాయో కూడా చెప్పవచ్చు. మండలి సమావేశాల రికార్డులు, లండన్‌లో క్యూ ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ కాగితాలు, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. అంతకుముందు ఎవరు ఏం రాశారో కూడా చెప్పాలి. ఈ ఫిర్యాదు న్యాయపరమైన కోణంపై క్లైడ్ ఈగల్టన్ 1950లోనే అమెరికన్ జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ లాలో వ్యాసం రాశాడు. ఆ వ్యాసం పేరెత్తకుండా ‘దీనిపై ఎవరూ పని చేయలేదు’ అని రాస్తే తెలిసిన పరీక్షకుడు అక్కడితో ఆపేస్తాడు. ఇది చరిత్ర శాఖకు కాక అంతర్జాతీయ సంబంధాలకు ఎందుకు చెందుతుందన్నదానికీ జవాబుండాలి. రాజ్యంగా ఎవరిని గుర్తించాలన్న చిక్కు తైవాన్, కొసావో, పాలస్తీనాల దగ్గర ఇప్పటికీ విడలేదు. ఆ చర్చకు 1948 ఏం చేరుస్తుందో ఒక పేరాలో చెప్పగలిగితే ప్రపోజల్ నిలబడుతుంది.

అలాంటి విద్యార్థికి ఉర్దూ, తెలుగు చదవడం వస్తే అది అతడికి పెద్ద బలం. ఆ కాగితాలు చదవగలిగినవారు బ్రిటన్‌లో తక్కువ. అయినా చాలామంది ఆ విషయాన్ని బయోడేటా చివర ‘తెలిసిన భాషలు’ కింద పడేసి ఊరుకుంటారు. దాన్ని పరిశోధనా పద్ధతి వివరించేచోట, ఏ దస్త్రాలకు ఏ భాష కావాలో చెబుతూ రాయాలి.

ప్రపోజల్ సాధారణంగా 1,500 నుంచి 2,000 పదాలు. దాన్ని మొదట విభాగం చూస్తుంది, తర్వాత విశ్వవిద్యాలయం, చివరికి భాగస్వామ్యపు కమిటీ. ఆ కమిటీలో సోషియాలజీ వారు, విద్యాశాస్త్రం వారు కూడా ఉంటారు. రియలిజం, కన్‌స్ట్రక్టివిజం అంటూ మొదలుపెడితే వారికి అందదు. మొదటి పేరా చదివేసరికి ఏం జరిగింది, అందులో తెలియనిదేమిటి, అది ఎందుకు ముఖ్యం అన్నవి వారికి తెలిసిపోవాలి. సిద్ధాంతం ఆ తర్వాత వచ్చినా ఫరవాలేదు.

దీనికంతటికీ ముందు సూపర్‌వైజర్ దొరకాలి. గడువులు చాలావరకు నవంబరు, జనవరి మధ్య పడతాయి కాబట్టి సెప్టెంబరులోనే ఉత్తరాలు రాయడం మేలు. ‘రెస్పెక్టెడ్ సర్’ అని మొదలై, ఒకేసారి నలభై మందికి వెళ్లిన మెయిల్‌కు జవాబు రాదు. రెండు పేరాల మెయిల్, ఒక పేజీ ప్రపోజల్, ఆయన లేక ఆవిడ రాసినదానిలో తన ప్రశ్నకు తగిలే చోటు ఏదో చెప్పే ఒక వాక్యం చాలు. రిఫరెన్స్ లేఖల విషయంలో మన కాలేజీల అలవాటు విద్యార్థులకు నిజంగా చేటు చేస్తోంది. ‘కష్టపడే స్వభావం, సత్ప్రవర్తన’ అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చే కాగితానికి అక్కడ విలువ లేదు. విద్యార్థి తన ఎంఏ డిసర్టేషన్, ప్రపోజల్ అధ్యాపకుడి చేతికిచ్చి, వాటి మీద రాయమని అడగాలి. ఆ పనిని బాగా ఎరిగిన అధ్యాపకుడి మాట, అసలు చదవని హెచ్‌వోడీ సంతకం కన్నా ఎక్కువ బరువు తూగుతుంది.

షెడ్యూల్డ్ కులాలతో పాటు మరికొన్ని వర్గాల విద్యార్థులకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మరో దారి. అయితే 2022 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత్ మీద చేసే సామాజిక అధ్యయనాలను దాని పరిధి నుంచి తీసేశారు. బ్రిటన్ కమిటీ మెచ్చగల హైదరాబాద్ ప్రశ్న ఈ నిబంధన దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. తన ఊరి కాగితాలు తానే చదవగల విద్యార్థికి ఆ దారి మూసేయడం అన్యాయం. నిబంధన ఉన్నంతకాలం మాత్రం దరఖాస్తుదారు ఏ నిధికి ఏ ప్రశ్న పెట్టాలో ముందే చూసుకోక తప్పదు. స్వదేశంలోనే చేయదలిస్తే యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్నవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తున్నాయి.

పూర్తి నిధి అన్నచోట కూడా కొన్ని ఖర్చులు మిగులుతాయి. స్టూడెంట్ వీసాకు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జి మొత్తం ఒకేసారి ముందే కట్టాలి. నాలుగేళ్లకు అది మూడు వేల పౌండ్లు దాటుతుంది. విశ్వవిద్యాలయం భరిస్తుందేమో ఆఫర్ ఒప్పుకోకముందే రాతపూర్వకంగా అడగాలి. సీటు వచ్చి నిధి రానప్పుడు సొంత డబ్బుతో వెళ్లాలనిపిస్తుంది. విదేశీయులకు ఫీజే చాలాచోట్ల ఏటా ఇరవై వేల పౌండ్లు దాటుతుంది కాబట్టి, ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లడం కన్నా ఏడాది ఆగి మళ్లీ దరఖాస్తు చేయడం మంచిది. ఫలితాలు సాధారణంగా వసంతంలో వస్తాయి. రిజర్వు జాబితాలో పేరుంటే తొందరపడి వదులుకోకూడదు. పైవారిలో కొందరికి రెండు మూడు చోట్ల నిధులు వస్తాయి, వారు ఒకటి ఎంచుకున్నాక మిగిలినవి కింది పేర్లకు దిగుతాయి.