అంకమును శకటికయు: ఊరుభంగ మృచ్ఛకటికములందలి శిశుప్రార్థన

రూపకములను సుఖాంతములనియు విషాదాంతములనియు రెండు తెగలుగా విభజించుట పాశ్చాత్యనాటకపరిచయము వలన నాంధ్రదేశమున బ్రబలిన పద్ధతి. భరతముని గాని, దశరూపకకర్తయగు ధనంజయుడు గాని యీ విభాగమును జేసినవారు కారు. వస్తువు, నేత, రసము అను మూటిని బట్టియే ధనంజయుడు రూపకభేదములను నిరూపించెను. అయినను సారంగధరుని కథను నాటకముగా రచించుచు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు దాని పేరునందే విషాదశబ్దమును నిలిపిరి. విషాదాంత మను మాట నేడు పాఠశాలల వరకును వ్యాపించినది. నాయకుడు తుదిని మరణించెనేని విషాదాంతము, బ్రదికెనేని సుఖాంతము అని విద్యార్థులకు జెప్పు లక్షణము సులభమైనదే. అది లక్ష్యమునకు సరిపడునా యనునది విచార్యము. ఇందులకు ఊరుభంగ మృచ్ఛకటికములు రెండును దగిన లక్ష్యములు. ఈ రెంటి నడుమను జూడదగిన యొక సామ్యము కలదు. రెంటను నొక శిశువు తనకు గావలసిన వస్తువు నడుగును. ఆ యడుగుటయందే రెండు రూపకముల మర్మమును నిలిచియున్నది.

ఊరుభంగము 1912లో తిరువనంతపుర సంస్కృతగ్రంథమాలయందు త. గణపతిశాస్త్రిగారు ప్రకటించిన రూపకములలో నొకటి. దీనిని వారు భాసకృతముగా నిర్ణయించిరి. మాతృకలయందు గ్రంథకర్త పేరు లేకపోవుటచే పండితులలో నీ విషయమున వివాదము కలదు. కర్త యెవరైనను నిది యేకాంకరూపకము. భరతుడు చెప్పిన ఉత్సృష్టికాంకలక్షణములలో ముఖ్యములు కొన్ని దీనియందు గానవచ్చును: యుద్ధము నివర్తించిన పిమ్మటి కథ, కరుణరసప్రాధాన్యము, స్త్రీల పరిదేవనము. కాని వధను రంగమున బ్రత్యక్షముగా జూపరాదను నియమమునకు మాత్ర మిది లోబడదు. దుర్యోధనుడు ప్రేక్షకుల యెదుటనే ప్రాణములు విడుచును.

ఆరంభమున ముగ్గురు భటులు ప్రవేశించి రణభూమిని వర్ణింతురు. వారి కన్నులకు యుద్ధము యజ్ఞమై తోచును. ఏనుగుల తొండములు యూపస్తంభములు, బాణములు పరచిన దర్భలు, కూలిన గజముల రాశి యెత్తైన వేదిక, వైరమే యగ్ని, సింహనాదములే మంత్రములు, పడిన మనుష్యులే పశువులు. ఇది యలంకారమునకై చెప్పిన రూపకాలంకారము మాత్రము గాదు. యజ్ఞమున కొక యజమానుడును, యజమానునకు ఫలమును నుండవలెను గదా. ఈ యజ్ఞమున కెవడు యజమానుడు, ఫల మేమి యను ప్రశ్నకు రూపకము తక్కిన భాగమంతయు నుత్తరము. ఆ యుత్తరమును దెచ్చువాడు బాలుడగు దుర్జయుడు.

గదాయుద్ధమున భీమునిచే దొడలు విరిగి పడిన కొడుకును వెదకుచు ధృతరాష్ట్రుడును గాంధారియు వత్తురు. ఒకరు పుట్టుగ్రుడ్డి, ఒకరు కన్నులు గట్టుకొన్న పతివ్రత. వారితో దుర్యోధనుని భార్యలును, కొడుకు దుర్జయుడును నుందురు. అలసితి నన్న మనుమనితో, పోయి తండ్రి యంకమున విశ్రమింపు మని తాత చెప్పును. బాలుడు తండ్రిని గనుగొని యొడిలో గూర్చుండబోవును. తండ్రి వారించును. ఏల వారించెదవని యడిగినపుడు, ఇదివరకు నీ వనుభవించిన యాసనము నేటినుండి లేదు, మఱియెక్కడనైన గూర్చుండుమని చెప్పవలసివచ్చును.

ఇచట బదములను బరిశీలింపవలెను. దుర్జయశబ్దము దుర్‌పూర్వకమగు జిధాతువుమీద ఖల్‌ప్రత్యయము చేరగా సిద్ధించినది. కష్టముచే జయింపదగినవాడని యర్థము. దుర్జయుడు నిర్జితుడగు నన్ను జూచి యేమనునో యని తండ్రి చింతించునట్లు కవి యీ రెండు పదములను బ్రక్కప్రక్కన నిలిపెను. ధాతు వొక్కటే, ఉపసర్గప్రత్యయములు మాత్రమే భిన్నములు. తండ్రికొడుకుల నడుమ నిపుడు మిగిలిన భేద మంతియే. మఱియు సంస్కృతమున అంకశబ్దమునకు ఒడి యనియు, రూపకపరిచ్ఛేద మనియు రెండర్థములును గలవు. ఏకాంకరూపకమున నంకమే శిశువునకు దక్కకుండుట కవి యుద్దేశించిన శ్లేష యని సాధింప బనిలేదు. అయినను శబ్దజ్ఞుడగు పాఠకునకు దోచకమానదు.

ఆ తొడకు బూర్వచరిత్రము కలదు. సభలో ద్రౌపదికి జూపిన తొడ యదియే. దానిని విరుతునని భీముడు ప్రతిజ్ఞ చేసినదియు నందుననే. నన్నయగారి సభాపర్వమును జదివిన తెలుగువారికి నీ వృత్తాంతము సుపరిచితము. పరస్త్రీ నవమానించుటకై చూపబడినది కొడుకునకు నిత్యాసనముగా నుండిన దని భారతకథ జదువునపుడు స్ఫురింపదు. ఊరుభంగకవి యామాటను వాచ్యముగా జెప్పక, బాలుని నా తొడ యొద్దకు నడిపించెను. తప్పు చేసినవానికి శిక్ష గదాఘాతము. ఏ తప్పు నెఱుగనివానికి శిక్ష యాసననాశము. పిదప దుర్యోధనుడు కొడుకున కుపదేశించుచు, పాండవులను దన్నువలె సేవింపుమనియు, కుంతి యాజ్ఞను బాటింపుమనియు, అభిమన్యుని జననిని ద్రౌపదిని దల్లులవలె బూజింపుమనియు జెప్పును. పశ్చాత్తాపమను పద మొక్కటియు లేకయే పశ్చాత్తాపము పూర్ణముగా వ్యక్తమైనది.

తరువాత నశ్వత్థామ వచ్చి రాత్రియుద్ధమునకు బ్రతిన బట్టి, యభిషేకము లేకయే బ్రాహ్మణవాక్యమాత్రముచే దుర్జయుని రాజును జేయును. యుద్ధయజ్ఞఫల మిదియే. శిశువు కోరినది యొడి. లభించినది మాటలోని రాజ్యము. అడిగినదానికంటె బెద్దది యీయబడెను గాని, యడిగినది మాత్ర మీయబడలేదు.

ఇచట నొక యాక్షేపము కలుగవచ్చును. దుర్యోధనుడు వైరమును విడిచి శాంతుడై, పితృపితామహులను, కర్ణుని, సోదరశతమును, అప్సరసలను దర్శించుచు, హంసలు గట్టిన విమానము తనకొఱకు వచ్చుట గాంచుచు దనువు చాలించును. వీరస్వర్గము నందినవాని కథ విషాదాంత మెట్లగునని యాక్షేపము. దుర్యోధను నొక్కనినే చూచినచో నీ యాక్షేపము బలవత్తరమే. కాని విమానమున దుర్జయునకు జోటు లేదు. నన్నును గొనిపొమ్మని యతడు ముందే యడిగియున్నాడు. ఆ మాట వృకోదరునితో జెప్పుమని తండ్రి యుత్తరమిచ్చినాడు. కావున విషాదము చచ్చినవానియందు గాక మిగిలినవానియందు నిలిచినది.

ఇక మృచ్ఛకటికము. తిరుపతి వేంకటకవుల యనువాదము వలన నిది తెలుగువారికి సన్నిహితమైనది. మృత్‌ శకటికా యను స్థితిలో శ్చుత్వమును ఛత్వమును గలిగి మృచ్ఛకటికా యైనది. మట్టిబండి గలది యను నర్థమున బహువ్రీహిగా రూపకమునకు బేరైనది. పదియంకముల రూపకమున నారవయంకమునందు గొంచెముసేపు కనబడు నాటవస్తువును బట్టి గ్రంథమునకు బేరిడుట యాశ్చర్యకరము. భాసునిదిగా జెప్పబడు చారుదత్తము ఈ కథకు మూలమని పలువురి మతము. ఉపలబ్ధమైన చారుదత్తము నాలుగంకములతో ముగియుచున్నది. మట్టిబండి యందు లేదు. గ్రంథనామమునకు గారణమైన ఘట్టము మూలముగా జెప్పబడు గ్రంథమున గానరాకుండుట శూద్రకుని హృదయమును దెలియగోరువారు గమనింపదగినది.

పొరుగింటి బాలుని బంగరుబండితో నాడుకొన్న రోహసేనుడు, దానిని వారు తీసికొనిపోగా నేడ్చును. దాసియగు రదనిక మట్టిబండి చేసియిచ్చును. బాలున కది పనికిరాదు. వసంతసేన చూచి కారణ మడుగును. ఈమె నీ తల్లి యని రదనిక చెప్పగా బాలుడు నమ్మడు. నా తల్లి యైనచో నిన్ని నగ లెట్లు గలవనును. ఈ ప్రశ్నలో జారుదత్తుని దారిద్ర్యమంతయు నున్నది. ఎన్ని శ్లోకములలో నతడు తన లేమిని వర్ణించుకొన్నను నింత సూటిగా జెప్పలేదు. వసంతసేన కంటనీరు వెట్టుకొని నగలు తీసి, ఇపుడు నీ తల్లినైతిని, దీనితో బంగరుబండి చేయించుకొమ్మనును. ఏడ్చుచున్నావు, నే నొల్లనని బాలుడు చెప్పగా గన్నులు దుడిచికొని మట్టిబండిని నగలతో నింపును.

అడిగినది దొరకినది. అయినను గవి యంతటితో శిశువును విడువలేదు. ఆ నగలే తొమ్మిదవయంకమున న్యాయసభలో మైత్రేయుని చంకనుండి జారిపడి, వసంతసేనను జంపినవాడు చారుదత్తుడే యను నారోపమునకు సాక్ష్యమగును. బండి నింపిన చేతి యౌదార్యమే తండ్రిని వధ్యస్థానమునకు నడిపించును. అచట రోహసేనుడు చండాలురతో, నన్ను జంపి నా తండ్రిని విడువుడని మఱియొక ప్రార్థన చేయును. కొడుకున కిచ్చుటకు వేఱేమియు లేక చారుదత్తుడు తన యజ్ఞోపవీతమును దీసి యిచ్చును. ఇంతవరకు మృచ్ఛకటికము ఊరుభంగమునకు దోబుట్టువే. ఆ యాపదనుండి కథను మరలించునది వసంతసేన రాక; ఎవతె శిశువు మొదటి ప్రార్థనను దీర్చెనో యామెయే రెండవదానిని దీర్చును.

ఈ రెండు ఘట్టములను బోల్చిచూచినచో భేదము స్పష్టమగును. రెంటను దండ్రి మరణాభిముఖుడు; రెంటను శిశువు నిర్దోషి; రెంటను నూతనమాతృత్వము ప్రసక్తమైనది. ఊరుభంగమున దల్లులు తండ్రి యాజ్ఞచే విధింపబడిరి. మృచ్ఛకటికమున దల్లి శిశువు కన్నీటిచే నేర్పడినది. మొదటిదానియందు బ్రార్థితవస్తువు ప్రపంచమందే లేకపోయినది. రెండవదానియం దది యొకరి త్యాగముచే సాధ్యమైనది. త్యాగము సాధ్యముగా మిగిలినంతవరకు, బ్రమాద మెంత ఘోరమైనను, కథ సుఖమునకు ద్రోవ మూసికొనదు. త్యాగమున కెడమే లేనిచోట విమానములు వచ్చినను విషాదము తొలగదు.

అభిజ్ఞానశాకుంతలము సప్తమాంకమున మట్టినెమలిని జూపి శకుంతలావణ్యమును జూడుమన్నపుడు సర్వదమనుడు తన తల్లి పేరు వింటి ననుకొనుట ఈ మార్గమునకు మఱియొక నిదర్శనము. పదచ్ఛేదమున గలిగిన శిశువు పొరపాటే తండ్రికి సత్యమును సూచించును. అచటను నాటవస్తువే పెద్దల కథను నడిపినది.

కావున విద్యార్థులకు రూపకపరిణామమును బోధించుచోట దుదియందలి మరణమును మాత్రము లెక్కింపుమని చెప్పుట చాలదు. కథలో మిక్కిలి బలహీనుడు దేని నడిగెను, అది యీయదగినదిగా మిగిలెనా యని విచారింప జేయవలెను. దశరూపకమును గంఠస్థము చేసిన విద్యార్థియు దుర్జయుని ప్రశ్నకు లక్షణగ్రంథమున నుత్తరము గనుగొనలేడు. అది రూపకమునందే వెదకికొనవలసినది.