పొడుగువాడి ఇల్లు బుట్ట కిందే: వెంబన్యామా ఆటపై ఒక పరిశీలన

విక్టర్ వెంబన్యామా గురించి మాట్లాడుకునేవారిలో రెండు వర్గాలున్నాయి. ఇటువంటి ఆటగాడు ఇంతవరకు పుట్టలేదనేది మొదటి వర్గం. ఆ సన్నని ఒళ్లు ఎన్నాళ్లు నిలుస్తుందని పెదవి విరిచేది రెండో వర్గం. ఇద్దరూ అతని ఒడ్డూ పొడుగూ చూసి మాట్లాడుతున్నారే గాని ఆట చూసి కాదు. 2023లో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు అందరికంటే ముందుగా ఎంచుకున్న ఈ ఫ్రెంచి కుర్రవాడి తొలి రెండు సీజన్లను తూకం వేస్తే, అసలు చిక్కు అతని ఒంట్లో లేదనీ, మైదానంలో తాను నిలబడే చోటును ఎంచుకోవడంలో ఉందనీ తోస్తుంది.

ముందు గుణాలు చెప్పుకుందాం. ఏడడుగుల పైన మూడు నాలుగంగుళాల ఎత్తు, బారచాపితే ఎనిమిది అడుగులు. కాని ఎత్తున్నవాళ్లందరూ బంతిని అడ్డుకోలేరు. ఎదుటివాడు ఎప్పుడు ఎగురుతాడో కనిపెట్టి, వాడి తరువాత ఎగిరి కూడా బంతిని అందుకోవడం ఇతని విద్య. 2023–24లో ఆటకు సగటున 3.6 షాట్లు అడ్డుకుని లీగులో మొదటివాడయ్యాడు. ఉత్తమ నూతన ఆటగాడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. రక్షణలో మేటి అయిదుగురి జట్టులో తొలి ఏడాదే చోటు సంపాదించినవాడు అంతకుముందు లేడు. అంకెలకెక్కనిది మరొకటుంది: ఇతణ్ణి చూసి బుట్టదాకా వచ్చినవాళ్లు కూడా షాటు వేయకుండా వెనక్కి మళ్లుతారు.

ఇక లోపాలు. ఆ ఏడాది ఆటకు 3.9 సార్లు సహచరులకు బంతినందించి పాయింట్లు తెప్పిస్తే, 3.7 సార్లు బంతిని పోగొట్టాడు. ఇది కుర్రతనం, రెండో ఏడు 3.2కు తగ్గింది. కుర్రతనమని సరిపెట్టుకోలేనిది వేరే ఉంది. 2024–25లో అతడు వేసిన షాట్లలో దాదాపు సగం, ఆటకు 8.8 చొప్పున, మూడు పాయింట్ల గీత బయటినుంచి వేసినవే. వాటిలో నూటికి 35 పడ్డాయి. అంటే వంద షాట్లకు నూటయిదు పాయింట్లు. లోపలినుంచి వేసినవి నూటికి 55కు మించి పడ్డాయి. వందకు నూటపది పైనే. ఫ్రీ త్రోల సంగతి ఇంకా విచిత్రం. గురి నూటికి 80 నుంచి 84కు పెరిగింది. కాని ఆటకు అయిదు చొప్పున వచ్చే అవకాశాలు నాలుగుకు తగ్గాయి. గీత బయట నిలబడ్డవాణ్ణి ఫౌల్ చేయవలసిన అవసరం ఎవరికుంటుంది?

అతడు బయట నిలబడితే ఎదుటి జట్టు పొడుగువాడు కూడా బయటికి రాక తప్పదనీ, సహచరులకు దారి తెరుచుకుంటుందనీ సమర్థించేవారున్నారు. ఆ మాటలో నిజముంది. స్పర్స్ విజయాలు 22 నుంచి 34కు పెరిగాయి కూడా. అయితే దారి తెరవడానికి నిలబడటం వేరు, షాటు వేయడానికే నిలబడటం వేరు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బాస్కెట్‌బాల్‌లో పొడుగువాడికి ఇల్లు బుట్ట కిందే.

ఈ కథ కొంత మనం చూసినదే. 1983లో హ్యూస్టన్ జట్టు మొదటగా ఎంచుకున్న రాల్ఫ్ శాంప్సన్‌ది ఏడడుగుల నాలుగంగుళాల ఎత్తు. అతనికీ బయట తిరుగుతూ ఆడటమే ఇష్టం. 1986లో హకీం ఒలాజువాన్‌తో కలిసి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. తరువాత మోకాళ్లు దెబ్బతిని, పూర్తి ఫలం చూపకుండానే అతని ఆట ముగిసింది. వెంబన్యామాకు 2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టి, సీజన్ 46 ఆటలతో ఆగింది. అది ఆటలోని లోపం కాదు. కాని పొడుగువాడి ఆయుష్షు ఎంత చిన్నదో గుర్తుచేసింది. అనుకూలమైన చోటు వదిలి గడిపిన ప్రతి ఏడూ ఆ ఆయుష్షులో ఖర్చే.

అందుకే 2025 వేసవిలో అతడు ఒలాజువాన్ దగ్గరకు వెళ్లి బుట్ట దగ్గరి మెళకువలు నేర్చుకోవడం, ఆ రెండేళ్లలో వేసిన షాట్లన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. శాంప్సన్ పక్కన ఆడి, బుట్ట కిందే నిలిచి గెలిచిన మనిషి ఆయన. 2025 అక్టోబరు 22న డల్లాస్‌పై వెంబన్యామా చేసిన 40 పాయింట్లలో అధిక భాగం లోపలినుంచీ, ఫ్రీ త్రోలనుంచీ వచ్చినవే. ఒక్క రాత్రి ఆట చూసి తీర్పు చెప్పలేము. కాని లోపం చెప్పించుకోకుండానే గ్రహించి, దాన్ని దిద్దేవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లినవాడికి ఎనిమిదడుగుల బారకంటె అదే పెద్ద బలం.