పన్ను దాటని చైన్

నూజివీడు పేరు చెబితే నోరూరేది రసాల తలపుతోనే. ఆ మెరక తోటల మధ్య నుంచి హనుమాన్ జంక్షన్ వైపు దిగుతుంటే ఎర్రనేల క్రమంగా వెనకబడి, కృష్ణా కాలువల కింది నల్లరేగడి వరిచేలు మొదలవుతాయి. దాళ్వా కోతలూ మామిడి కోతలూ దాదాపు ఒకే కాలంలో పడతాయి. అందుకే ఏప్రిల్‌లో ఈ రోడ్ల మీద కాయల లారీలతో పాటు వరికోత చైన్ మిషన్లు కూడా కనబడతాయి. ఆ మిషన్ల చైన్ బాగుచేసే పనితనం గురించి ఇంతవరకూ ఎవరూ పెద్దగా రాయలేదు. రాయదగ్గ పని అది.

చేను ఆరి, పైరు నిలబడి ఉంటే టైర్ల మిషన్ చాలు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వచ్చి చేను నేలవాలితే, నీళ్లు నిలిచిన రేగడిలో టైరు దిగబడుతుంది. అప్పుడు రబ్బరు చైన్ మిషనే దిక్కు. సరిగ్గా ఆ సమయంలోనే చైన్ మొరాయిస్తుంది. బరువు మీద పడగానే చైన్‌ను తిప్పే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, పన్ను తన గడిలో నిలవక తర్వాతి గడిలోకి ‘టక్’మని దూకుతుంది. బండి కదలదు, చైన్ మాత్రం దెబ్బలు తింటూ ఉంటుంది.

వెంటనే తోచే మందు చైన్ బిగించడం. చెయ్యి తిరిగిన మెకానిక్ ముందు బిగింపు బోల్టు జోలికి పోడు. బండిని జాకీ మీద లేపి, చైన్ మీద ఒకచోట సుద్దతో గీత గీసి, ఇంజను నెమ్మదిగా తిప్పిస్తాడు. గీత చుట్టూ తిరిగి వచ్చిన ప్రతిసారీ దెబ్బ వినిపిస్తే జబ్బు చైన్‌లో ఉన్నట్టు: లోపలి ఇనుప దిమ్మ ఏదో విరిగి ఉంటుంది. స్ప్రాకెట్ తిరిగిన ప్రతిసారీ వినిపిస్తే పన్ను అరిగినట్టు. ఎక్కడా వరస లేకుండా వినిపిస్తే పళ్ల సందుల్లో మట్టీ గడ్డీ గట్టిపడి ఉంటాయి, లేదా మెరక దారిలో కంకరరాయి ఇరుక్కుని ఉంటుంది. ఒక్క సుద్దముక్కతో ఇంత తేల్చడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

తర్వాతది కొలత. రబ్బరు చైన్ మీద 500×90×51 లాంటి అంకెలు ఉంటాయి. వెడల్పు 500 మిల్లీమీటర్లు, గడికీ గడికీ దూరం 90, గడులు 51. ఒక్క గడి కొలిస్తే తేడా కంటికి ఆనదు కాబట్టి పది గడులు కలిపి టేపు పెడతారు. 900 రావలసిన చోట 910 వచ్చిందంటే గడికి ఒక మిల్లీమీటరు చొప్పున సాగినట్టు. చైన్ మొత్తం మీద అది 51 మిల్లీమీటర్ల వదులు. బోల్టు తిప్పితే ఆ వదులు పోతుంది గానీ గడి మాత్రం 91 గానే ఉంటుంది, స్ప్రాకెట్ పళ్లు 90కే ఉంటాయి. నాలుగు పళ్లు పంచుకోవలసిన బరువు ఒక్క పన్ను మీద పడుతుంది. చైన్ ఆ పన్ను భుజం మీదికి ఎక్కి దూకేస్తుంది. బిగించిన కొద్దీ రోలర్ల బేరింగులు కాలిపోతాయి, డీజిల్ తాగుతుంది, దూకడం మాత్రం మళ్లీ మొదలవుతుంది.

అరుగుదల స్ప్రాకెట్‌లోనే ఉంటే రెండు దారులు. మొదటిది కుడిపక్క స్ప్రాకెట్‌ను ఎడమకు, ఎడమది కుడికి మార్చడం. ముందుకు లాగేటప్పుడు పంటికి ఒక వైపే అరుగుతుంది, పక్కలు మారిస్తే అరగని వైపు బరువులోకి వస్తుంది. రెండోది వెల్డింగ్. ఒక పన్ను నింపాక దాని పక్కదాన్ని ముట్టుకోరు, ఎదురుగా ఉన్న పంటికి వెళతారు. లేకపోతే వేడికి చక్రం వంకరపోతుంది. నింపిన లోహం మరీ మెత్తనైతే కొద్ది ఎకరాలకే అరుగుతుంది, మరీ గట్టిదైతే చైన్‌లోని దిమ్మల్నే తినేస్తుంది. ఆ మధ్య మెట్టు దొరికేలా కడ్డీ ఎంచుకుని, నెమ్మదిగా చల్లారనిచ్చి, కొత్త పంటి మీద కత్తిరించుకున్న రేకు అచ్చు పెట్టి చూస్తూ గ్రైండర్ పడతారు. అచ్చుకూ పంటికీ మధ్య వెలుతురు కనబడకూడదు.

ఇదే చిక్కు మంచుకొండల మీద తిరిగే స్నోమొబైల్‌లోనూ ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ మంచు మీద నడిచే తన బండికి స్ప్రాకెట్, పట్టా ఏర్పాటుపై 1937లో పేటెంటు పొందాడు. అక్కడ కూడా పన్ను దూకితే పట్టా బిగించడంతో సరిపెట్టుకోక, బయటి కంపెనీల స్ప్రాకెట్లు తెచ్చి వేస్తారు. పట్టా లోపలి గుబ్బల్నీ, పట్టాలోని రంధ్రాల్నీ ఒకేసారి పట్టుకునే పళ్లు వాటికి ఉంటాయి. పట్టు రెండుచోట్ల దొరుకుతుంది కాబట్టి, పట్టా కాస్త వదులుగా ఉన్నా పన్ను దాటదు. ఇంజను బలం బిగింపులో వృథా కాదు.

మన దగ్గరా బయటి సామానే ఎక్కువ వాడతారు. అందులో తప్పేమీ లేదు, కొలవకుండా కొనడమే తప్పు. పాతదాన్ని పక్కన పెట్టి బోల్టు రంధ్రాలు, పంటికీ పంటికీ దూరం, పంటి మందం సరిచూసుకున్న స్ప్రాకెట్, పేరున్న పెట్టెలో వచ్చినదానికి ఏమీ తీసిపోదు. బాగా సాగిన చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేస్తే మాత్రం డబ్బు దండగ. రెండూ కలిపి మార్చాలి. ఇవన్నీ అయ్యాకే బోల్టు బిగిస్తారు, రెండు పక్కలా ఒకే కొలతకు. మడిలో కాసేపు తిప్పి, మట్టి కడిగి, మళ్లీ కొలిచి గానీ బండి అప్పగించరు.

ఈ మిషన్లు బాగుచేసే షెడ్ల గోడల మేకులకు వేలాడే రేకు అచ్చుల్లో ఏళ్ల తరబడి కూడిన లెక్క ఉంది. అది ఎక్కడా కాగితం మీద లేదు. నూజివీడులోనే 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది, అందులో మెకానికల్ విభాగమూ ఉంది. అక్కడి పిల్లలు ఒక దాళ్వా కాలం ఈ షెడ్లలో కూర్చుని, మేస్త్రీల అనుమతితో ఆ అచ్చులన్నిటికీ కొలతలతో బొమ్మలు గీసి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి పేరుతోనే భద్రపరచాలని అధ్యాపకులను కోరుతున్నాను.