దయ్యము కంటె ముందు దాని చోటు

దయ్యమును తెరపై చూపుట కష్టము కాదు. తెల్లచీర, విరబోసికొన్న జుట్టు, ఉన్నట్టుండి మిన్నుముట్టు వాద్యఘోష చాలును. అది వచ్చి నిలుచుటకు తగిన చోటును ముందుగా సిద్ధపఱచి, ఆ చోటును చూచుచున్నంతలోనే ప్రేక్షకుని మనస్సు తనంతట తాను బరువెక్కునట్లు చేయుట కష్టము. 1950, 1960 దశకముల నాటి జపాను దర్శకులు ఈ విద్యను ఎంత నిష్ఠతో సాధించిరో తలచుకొన్నప్పుడెల్ల నాకు వారియందు గౌరవము ఇనుమడించుచున్నది. వారి చిత్రములలో రసము భయానకమున మొదలై కరుణమున పర్యవసించును. మంచు, గాలి, గడ్డి, పాడువడిన గృహము ఆ కరుణకు దారిచూపును.

మిజోగుచి కెంజి 1953లో తీసిన ‘ఉగెత్సు మొనొగతారి’ వీనిలో శిఖరప్రాయము. 1776లో అచ్చయిన ఉఎదా అకినారి కథలు దానికి మూలము. అంతఃకలహముల కాలమున ఒక కుమ్మరి ధనాశకు లోనై, భార్యను బిడ్డను వెనుక విడిచి నగరమునకు పోయి, అచ్చట ఒక కులీన స్త్రీ మోహములో చిక్కి, ఆమె బ్రతికియున్న మనిషి కాదని తెలిసికొని, తుదకు ఒకనాటి రాత్రి సొంత యింటికి వచ్చును. ఇల్లు చీకటి, పొయ్యి చల్లారియున్నది. అతడు భార్యను పిలుచుచు వెనుక వాకిట వెలుపలికి పోయి ఇంటిని చుట్టి వచ్చుచుండగా, ఛాయాగ్రాహకుడు మియగవా కజుఒ కెమెరాను లోపలనే నిలిపి, అతనితోపాటు మెల్లగా వెనుకకు త్రిప్పును. ఇంతకుముందు శూన్యమైయున్న పొయ్యి యొద్ద ఇప్పుడు నిప్పు వెలుగుచున్నది. భార్య కూర్చుండి వంట చేయుచున్నది. నడుమ కత్తిరింపు లేదు. ఆమె మరణించినదని తెల్లవాఱినపిమ్మట గాని అతనికి తెలియదు. మృతులను, జీవించియున్నవారిని ఒకే చూపులో, ఒకే వెలుగులో ఇమిడ్చిన ఆ దృశ్యమును చూచిన తరువాత, దయ్యము అనునది మనము బాధపెట్టి మఱచిన మనిషియే గాని అన్యము కాదని నాకు దృఢముగా తోచినది.

ఈ మాటకు తక్కిన చిత్రములును సాక్ష్యమిచ్చును. 1825 నాటి కబుకి నాటకమును నకగవా నొబుఒ 1959లో తెరకెక్కించిన ‘యొత్సుయా కైదాన్’లో తిరిగివచ్చునది భర్తచేతి విషమునకు బలియైన ఇల్లాలు. కొబయాషి మసాకి 1964లో తీసిన ‘క్వైదాన్’ తొలికథలో, పేదఱికమును సహింపలేక సంపన్నుల అల్లుడైన యోధుడు ఏండ్ల తరువాత మొదటి భార్య యింటికి వచ్చి, ఆమెతో ఒక రాత్రి గడిపి, తెల్లవాఱుజామున శిథిలముల నడుమ మేల్కొనును. విఱిగిన తలుపులు, నేలనుండి మొలిచిన కలుపు అచ్చట అలంకారములు కావు, అవి అభియోగపత్రములు. వాతావరణము అని మనము తేలికగా అనుచున్న దానికి ఈ చిత్రములలో ధర్మాసనమునకు గల గాంభీర్యము కలదు.

గ్రీసు దేశమున జన్మించి, జపానులో స్థిరపడి కొయిజుమి యకుమో అను పేరు ధరించిన లఫ్కాడియో హెర్న్ సేకరించిన కథలే ‘క్వైదాన్’కు ఆధారము. కొబయాషి విశాలమైన విమానశాలను చిత్రీకరణశాలగా మార్చుకొని, ఆకాశమును సైతము చిత్రకారులచేత గీయించెను. మంచుకన్య కథలో ఆ ఆకాశమునుండి పెద్దకన్నులు మనుష్యులను చూచుచుండును. తకెమిత్సు తొరు సంగీతము పేర రాగములను గ్రుమ్మరింపక, కఱ్ఱ చీలు ధ్వనిని, రాతి తాకిడిని, వానికంటె అధికముగా మౌనమును వినియోగించెను. కంటికి కనబడునది సహజమని నమ్మింపవలెనను తాపత్రయము ఇందు లేదు. రంగు, గీత, చప్పుడు తమ కృత్రిమత్వమును దాచుకొనకయే మనస్సును లోబఱచుకొనును.

ఈ విద్య తెలుగువానికి పరాయిది కాదు. మన తోలుబొమ్మలాటలో తెల్లని వస్త్రము వెనుక ఆముదపు దీపము వెలుగుచుండగా, బొమ్మను బట్టకు ఆనించినప్పుడు దాని రేఖ రంగులతో స్ఫుటముగా నిలిచెడిది. దీపమువైపు జరిపినప్పుడు అదే బొమ్మ పెరిగి, అంచులు కరగి, నీడయై కదలెడిది. ఆటగాండ్రు కాళ్ళక్రింది చెక్కలను త్రొక్కి యుద్ధమును, పిడుగును వినిపించెడివారు. 1957లో ‘మాయాబజార్’కు దీపములమర్చి కృత్రిమముగా వెన్నెలను కాయించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేకును వెలుగును ఎచ్చట ఆపవలెనో తెలియును. ఇంతటి వారసత్వము గల మనము, నేటి దయ్యపు చిత్రములలో ప్రతి మూలను దీపములతో నింపి, ప్రతి నిమిషమును చప్పుడుతో నింపి, చీకటికి చేయవలసిన పనిని చీకటిచేత చేయింపకున్నాము. ఇది నన్ను మిక్కిలి బాధించుచున్నది.

షిందో కనెతో 1964లో తీసిన ‘ఒనిబాబా’లో మన రెల్లును పోలిన నిలువెత్తు గడ్డి, దానిలో దాగిన లోతైన గోయి, ఎడతెగని గాలి, యుద్ధము దాపున ఆకటిచే క్రూరులైన ఇద్దఱు స్త్రీలు. కథకు అంతకంటె ఎక్కువ సామగ్రి లేదు. వేటపాలెమునకు తూర్పున రామాపురము సముద్రతీరమున సరుగుడుతోపులలో సాయంవేళ నడచునపుడెల్ల నాకు ఆ గడ్డి స్ఫురించును. మన తీరమునకు తనదైన దుఃఖము కలదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టబెట్టుకొన్నది. బాపట్ల, రేపల్లె ప్రాంతములును ఆ తుపానుకు నలిగినవి. ఆ మృతులను భీతిగొల్పు బొమ్మలుగా గాక, ఇల్లు వెదకికొనుచు వచ్చు ఆత్మీయులుగా చూపగల చిత్రము మనకు రావలసియున్నది. అట్టి చిత్రమునకు పూనుకొను యువదర్శకుడు జపాను చిత్రములనుండి ముఖము కప్పిన జుట్టును తెచ్చుకొనవలదు. వారి ఓర్పును తెచ్చుకొనవలెను. చోటును చూపుటకు వ్యవధి నీయవలెను. గాలికి, మౌనమునకు పాత్రల సరసన స్థానమీయవలెను.

అందుకు ముందు ఈ చిత్రములను మనము చూడవలెను, పదిమంది కలిసి, చీకటి గదిలో, నడుమ లేవకుండ చూడవలెను. 1918లో సారస్వత నికేతనము వంటి గ్రంథాలయమును నెలకొల్పుకొని, 1929లో గాంధీజీచేత దాని భవనమునకు శంకుస్థాపన చేయించుకొన్న వేటపాలెములో ఇట్టి ప్రదర్శనకు పెద్దలు పూనుకొన్నచో రసికులకు కొఱత యుండదు. తొలిప్రదర్శనకు ‘ఉగెత్సు’ను ఎన్నుకొనుడని నా విన్నపము.