తప్పిన పోగు: ఎవరికి కళ, ఎవరికి కోత

వికలాంగులకు నేత నేర్పాలి, నేత వాళ్ళ మనసుకు ఊరట, చేతికి పని, సమాజంలో ఒక చోటు అనే మాట ఇవ్వాళ స్వచ్ఛంద సంస్థల కరపత్రాల్లోనూ విశ్వవిద్యాలయాల సదస్సుల్లోనూ తరచుగా వినపడుతున్నది. అందరినీ కలుపుకుపోయే కళ అని దానికి పేరు. మాట మంచిదే. మంచి మాట గదా అని ప్రశ్నించకుండా వదిలెయ్యలేం. ఈ దేశంలో నేత వుత్త కళ కాదు, అది కులం. తాత కూచున్న గుంటలోనే తండ్రి, తండ్రి కూచున్న గుంటలోనే కొడుకు కూచున్న చరిత్ర అది. అట్లాంటి పనిని తీసుకొచ్చి ఇది చికిత్స, ఇది కళ అన్నప్పుడు ఎవరి మగ్గం, ఎవరి ఒళ్ళు, ఎవరి కూలి అని అడగకపోతే మనం చేసేది విమర్శ కాదు, భజన.

ముందుగా ఒక మాట. వికలాంగులు అనే పదమే వాడుతున్నాను. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దివ్యాంగులు అనాలన్నారు, అప్పట్నించి ప్రభుత్వ కాగితాల్లో అదే నడుస్తున్నది. అంటరానివాళ్ళను హరిజనులు అన్నప్పుడు ఏం ఒరిగిందో మనకు అనుభవమే. హక్కు ఇవ్వడానికి మనసు రానప్పుడు దేవుణ్ణి అడ్డం తెస్తారు.

నేతను చికిత్సగా వాడటం కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఆసుపత్రుల్లో చిన్న మగ్గాలిచ్చి నేయించారు. కాని ఇప్పుడు ఈ రంగంలో ఎక్కువగా చూపించే వుదాహరణ జపాన్‌ది, సావోరి నేత. 1913లో పుట్టి 2018 దాకా బతికిన మిసావో జో అనే ఆమె ఒసాకా ప్రాంతంలో 1960ల చివర దీన్ని మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు యాభై అయిదేళ్ళ పైమాటే. నడుముకు కట్టుకునే పట్టీ నేస్తుంటే పడుగులో ఒక పోగు తప్పింది. నేత వ్యాపారం ఎరిగినతను చూసి ఇది చెడిపోయిన గుడ్డ అన్నాడు. ఆమెకు ఆ తప్పులోనే అందం కనిపించింది. తప్పు లేకుండా నెయ్యడానికి యంత్రం వుంది, మనిషి యంత్రంలా ఎందుకు నెయ్యాలి అన్నది ఆమె ప్రశ్న. అక్కణ్ణించి కొలత, నమూనా, తప్పొప్పులు లేని నేత ఒకటి పుట్టింది. బుద్ధిమాంద్యం వున్నవాళ్ళు, చూపు లేనివాళ్ళు, ముసలివాళ్ళు ఆ మగ్గాల మీద కూచున్నారు. చక్రాల కుర్చీలో వున్నవాళ్ళు నేసేటట్టు కూడా మగ్గాలు తయారయినాయి.

దీన్ని తీసిపారెయ్యడం నా వుద్దేశం కాదు. మనిషిని మగ్గానికి సరిచేసే పని మాని మగ్గాన్ని మనిషికి సరిచెయ్యడం పెద్ద సంగతి. మన సమాజంలో అయితే మరీ పెద్ద సంగతి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఆస్తి పంపకాల దగ్గర వాటా లేనివాళ్ళ జాబితా ఒకటి వుంది. కులం నుంచి వెలి అయిన పతితులు, పుట్టు గుడ్డివాళ్ళు, చెవిటివాళ్ళు, మూగవాళ్ళు, అవయవలోపం వున్నవాళ్ళు అందరూ ఒకే వరసలో నిలబడతారు. ఆ వెంటనే వీళ్ళకు వాటా లేదు గాని తిండీ బట్టా మాత్రం పెట్టాలి అని దయ కూడా చూపించారు. వెలివేసిన కులమూ లోపం వున్న ఒళ్ళూ ఒకే చోట ఎట్లా చేరినయో చూడండి. దళితులకు, వికలాంగులకు వున్న చుట్టరికం ఇవ్వాళ మనం కల్పించేది కాదు, ధర్మశాస్త్రమే కలిపి కట్టింది. వాటా లేదు, తిండీ బట్టా వుంది అన్న ఆ లెక్క ఎంతదాకా వచ్చిందో తర్వాత చూద్దాం.

సావోరి ఆలోచనను మన నేత వాడలోకి తెచ్చి చూస్తే చిక్కు వస్తుంది. అక్కడ తప్పిన పోగు అందం. ఇక్కడ తప్పిన పోగు కూలి కోత. చీర తీసుకుపోయి మాస్టర్ వీవరు ముందు పెడితే ఆయన వెలుతురుకు పట్టి చూస్తాడు. పోగు తెగి అతికిన చోటు, పేక పలచబడ్డ చోటు, అంచు సాగిన చోటు వేలితో చూపిస్తాడు. డ్యామేజీ అంటాడు. మజూరిలో కోత పడుతుంది, ఒక్కోసారి చీరే వెనక్కి వస్తుంది. కులవృత్తిగా నేసేవాడికి తప్పు చేసే స్వేచ్ఛ ఎన్నడూ లేదు. తప్పు చెయ్యడం కళ కావాలంటే ఆ గుడ్డ మీద ఆ పూట తిండి ఆధారపడి వుండకూడదు. ఈ ఒక్క సంగతి దాటేసి వికలాంగులకు నేత విముక్తి అంటే, ఆ విముక్తి ఎవరి ఖర్చుతో అని అడగాల్సిందే.

ఇక మగ్గం సంగతి. మన గుంట మగ్గానికి నేలలో గుంట తవ్వుతారు. గుంట అంచున కూచుని కాళ్ళు లోపలికి దించి చెక్కలు తొక్కితే పడుగు రెండుగా విడుతుంది, ఆ సందులోంచి నాడె అటూ ఇటూ పోతుంది. అంటే ఈ మగ్గం రెండు కాళ్ళు ఆడే మనిషిని, నడుం వంగే మనిషిని, మోకాలు మడిచే మనిషిని లెక్కలో పెట్టుకుని కట్టింది. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడు మనుషుల దగ్గర్నుంచి గుంజుకున్నవి సరిగ్గా ఇవే. వెన్ను బిగుసుకుపోతుంది, మోకాళ్ళు వంకరపోతాయి, కీళ్ళు కదలవు. ఇది ఈ నేల మీద కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని వైద్యులు నమోదు చేశారు. నల్లగొండ గురించి వైద్య పత్రికలో 1955లో రాశారు. ఇంటింటికి నల్లా నీళ్ళు ఇచ్చే మిషన్ భగీరథ మొదలయింది 2016లో. మధ్యలో అరవై ఏళ్ళు! ఆ అరవై ఏళ్ళు బోరింగు నీళ్ళు తాగింది నీళ్ళు కొనుక్కోలేనివాళ్ళు. మంచినీళ్ళు వచ్చినంత మాత్రాన వంగిన ఎముక తిరిగి సాపు కాదు. మునుగోడు, మర్రిగూడ, చండూరు ఫ్లోరైడు పల్లెలు. చండూరు, గట్టుప్పల, పుట్టపాక చేనేత వూళ్ళు. ఈ రెండు పటాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసినవాళ్ళు తక్కువ. ఫ్లోరైడు గురించి రాసేవాళ్ళు నీళ్ళ గురించి రాస్తారు, చేనేత గురించి రాసేవాళ్ళు రంగుల గురించి రాస్తారు.

మరి నేత ఇండ్లల్లో వికలాంగులు పనికి దూరంగా వుంటున్నారా? లేదు. వాళ్ళు మొదట్నించీ పనిలోనే వున్నారు. నూలు కండెలకు చుట్టడం, చిక్కు తియ్యడం, పోగులు అతకడం, ఇవన్నీ కూచున్న చోట చేసే పనులు. ఇంట్లో ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, నడవలేనివాళ్ళు చేస్తారు. వాటికి విడిగా కూలి వుండదు, చీర మజూరిలోనే కలిసిపోతుంది. ఆ మజూరి మగ్గం మీద కూచున్న మగవాడి పేరున వస్తుంది. పోలియో వల్ల నడవలేని ఒక ఆడమనిషిని నేను అడిగిన, నువ్వేం పని చేస్తవక్కా అని. "నాకేం పని వుంటది తమ్మీ, వుత్తగనే కూసుంట" అన్నది. ఆ మాట అంటున్నంత సేపూ ఆమె చెయ్యి రాట్నం తిప్పుతనే వుంది, పక్కన గంపలో కండెలు నిండుతనే వున్నాయి. ఆమెకు ఎవరు వచ్చి నేత నేర్పి సమాజంలో కలుపుతారు? ఆమె కలిసే వుంది. లెక్కలోనే లేదు.

లెక్క అన్నది వూరికే అనలేదు. 2019-20 నాలుగో చేనేత గణన దేశంలో 35.22 లక్షల మంది చేనేత పనివాళ్ళున్నారని చెప్పింది. అందులో నేసేవాళ్ళు 26.73 లక్షలు, అనుబంధ పనులవాళ్ళు 8.48 లక్షలు. అంటే ముగ్గురు నేసేవాళ్ళకు అనుబంధ పనివాడు ఒక్కడు కూడా లేడు! ఒక మగ్గం ఆడాలంటే ఇంట్లో ఎన్ని చేతులు ఆడాలో తెలిసినవాళ్ళెవరూ ఈ లెక్కను ఒప్పుకోరు. తమది పని అని తామే అనుకోని మనుషులు గణనలోకి ఎట్లా వస్తారు? పథకాలూ అంతే. ఆంధ్రలో 2019లో మొదలయిన నేతన్న నేస్తం ఏడాదికి 24 వేల రూపాయలు ఇచ్చింది, సొంత మగ్గం వున్న నేత కుటుంబానికి. మగ్గం వున్నవాడే నేతన్న. కండె చుట్టిన చెయ్యి చెయ్యి కాదు.

ఆసు పని ఇంకొక వుదాహరణ. పోచంపల్లి రకం చీరకు నూలును కొయ్య మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి, ఒక్క చీరకు తొమ్మిది వేల సార్ల దాకా. చేసేది ఆడవాళ్ళు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999 నాటికి ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. యంత్రం గొప్పది, అందులో సందేహం లేదు. సినిమా మాత్రం నాకు పూర్తిగా తృప్తి కలిగించలేదు. తల్లి భుజం ఆ కథకు కారణమయింది గాని కథ కాలేదు. పట్టుదల వున్న కొడుకు విజయంగా మిగిలింది. అట్లా భుజాలు పడిపోయిన వేలమంది ఆడవాళ్ళు వికలాంగుల చట్టం కింద ఎవరు? 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, 2016 చట్టం 21 రకాలను. సదరం పరీక్షలో నలభై శాతం దాటితేనే మనిషి వికలాంగుడు. పని తినేసిన భుజాన్ని, మసకబారిన చూపును నలభై దాకా తీసుకుపోవడం ఎంత కష్టమో ఆ వరసల్లో నిలబడ్డవాళ్ళకు తెలుసు. అదే 2016 చట్టం 29వ సెక్షను వికలాంగులయిన కళాకారులకు సౌకర్యాలు, చేయూత ఇవ్వాలంటుంది. కండె చుట్టే ఆమె తనను కళాకారిణి అనుకుని ఆ సెక్షను కింద దరఖాస్తు పెట్టుకోవడం వూహించండి.

ఇంతదాకా చెప్పింది ఎక్కువగా పద్మశాలీల ఇండ్ల సంగతి. వాళ్ళు దళితులు కాదు. మరి దళితుల నేత ఏమయింది? తెలుగు పల్లెల్లో ముతక గుడ్డ నేసింది మాలలు. థర్‌స్టన్ లాంటి తెల్లదొరలు కూడా వందేళ్ళ కిందట అది రాసిపెట్టారు. ఎస్సీ జాబితాలో మాల సాలె, నేతకాని అనే పేర్లు ఇవ్వాళ్టికీ వున్నాయి. ఆదిలాబాదు, కరీంనగరు వైపు నేతకాని ఇండ్లు చాలా వాటిల్లో కులం పేరులో నేత మిగిలింది, ఇంట్లో మగ్గం మిగల్లేదు. మిల్లు గుడ్డ దెబ్బకు మొదట పోయింది ఈ ముతక నేతే. పట్టుకు, ఇక్కతుకు భౌగోళిక గుర్తింపులు వచ్చినాయి, పద్మశ్రీలు వచ్చినాయి. రావాల్సినవే. కూలివాళ్ళు కట్టుకున్న ముతక గుడ్డ మాత్రం ఏ సంప్రదాయంలోకీ రాలేదు. ఇప్పుడు సంప్రదాయ నేతను వికలాంగులకు నేర్పుతాం అనేవాళ్ళ సంప్రదాయం మాలవాడ దాకా వస్తుందా? ఒక నేతకాని ఇంటి వికలాంగ పిల్లకు మగ్గం నేర్పిస్తే, వాళ్ళ ముత్తాత దగ్గర్నుంచి పోయిన పనిని తిరిగి ఇచ్చామని చెప్తారా, దయతో కొత్త పని పెట్టామని చెప్తారా?

కళ అని పేరు పెట్టినంత మాత్రాన కూలి రాదని జపాన్ కూడా చెప్తున్నది. అక్కడ వికలాంగుల పని కేంద్రాల్లో ఒక రకం వుంది. అందులో పనిచేసేవాళ్ళతో వుద్యోగ ఒప్పందం వుండదు కాబట్టి కనీస వేతన చట్టం వర్తించదు. ఆ కేంద్రాల్లో 2022 ఆర్థిక సంవత్సరంలో మనిషికి నెలకు సగటున చేతికొచ్చింది సుమారు 17 వేల యెన్లు. ఆ దేశంలో దాంతో అద్దె కూడా గడవదు. ఇక్కడ మనం అడిగిందీ పింఛనే. వికలాంగుల సమస్యను తెలుగు నేల మీద రోడ్డెక్కించింది దండోరా నుంచి వచ్చిన నాయకత్వమే. మంద కృష్ణ మాదిగ వెంట నడిచిన వికలాంగుల హక్కుల పోరాట సమితి సభలు చూసినవాళ్ళకు అది తెలుసు. ఆ పోరాటాల వల్లే పింఛను పెరుగుతూ వచ్చింది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలయింది, ఆంధ్రలో 2024లో ఆరు వేలయింది. అది దక్కాల్సిందే, ఇంకా పెరగాల్సిందే. కాని పింఛను తిండీ బట్టా లెక్కలోదే. వాటా సంగతి ఇంకా మిగిలే వుంది. కండె కూలి విడిగా కట్టించడం, సహకార సంఘంలో కండె చుట్టేవాళ్ళకూ సభ్యత్వం, గుర్తింపు కార్డు ఇప్పించడం వాటా అడగడం. మన వుద్యమాలు ఆ పనికి ఇంకా దిగలేదు.

వాటాలో మగ్గం కూడా వుంది. కాళ్ళతో తొక్కే పనిని చిన్న మోటారుకు అప్పగిస్తే, కాళ్ళు లేని మనిషి ఎత్తు మగ్గం మీద చేతులతో నెయ్యగలడు. సాంకేతికంగా ఇది అసాధ్యమేం కాదు. కాని మోటారు పెట్టిన మగ్గం చేనేత మగ్గమేనా? 1985 రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల గుడ్డలను చేనేతకే వదిలిపెట్టింది. మొదట 22, తర్వాత 11కు కుదించారు. మరమగ్గం కానిదే చేనేత మగ్గం అని ఆ చట్టం నిర్వచనం. కొన్నేళ్ళ కిందట కేంద్రం ఈ నిర్వచనాన్ని సడలించి, ఏదో ఒక దశలో మనిషి చెయ్యి పడితే చాలు చేనేతే అనబోతే చేనేత సంఘాలు ఎదురు తిరిగినాయి. వాళ్ళ భయం న్యాయమయిందే. ఆ సందులోంచి దూరేది వికలాంగులు కాదు, మరమగ్గాల యజమానులు. అందుకని తలుపు మొత్తంగా మూసేస్తే గుంటలోకి దిగలేని మనిషి గుంట బయటే వుండిపోతాడు. వికలాంగ ధ్రువపత్రం వున్న మనిషి సొంతంగా నేసే ఒక్క మగ్గానికి, తొక్కుడు వరకే మోటారు, ఆ గుడ్డకు చేనేత గుర్తు అని ఇరుకు మినహాయింపు ఒకటి రాయడం కష్టమయిన పని కాదు. అది రాయమని చేనేత సంఘాలు అడగాలి, వికలాంగుల సంఘాలు అడగాలి, దళిత సంఘాలు రెండింటి పక్కనా నిలబడాలి. ఈ మూడూ ఒక బల్ల చుట్టూ కూచోవడం నేను ఇంతవరకు చూడలేదు.