అమ్మోనియా ప్రజాతి: కవచ నిర్మాణం, వర్గీకరణపై విమర్శ

పులికాట్ సరస్సు, గోదావరి ముఖద్వారాల బురదలో తరచుగా దొరికే ఫొరామినిఫెరా ప్రజాతి అమ్మోనియా. ఇందులోని బెక్కారీ జాతిని 1758లో లిన్నేయస్ నాటిలస్ అనే మొలస్కా జీవుల ప్రజాతిలో చేర్చాడు. 1772లో బ్రూనిక్ అమ్మోనియా ప్రజాతిని ఏర్పరచాడు. తరువాత కూడా రొటాలియా, స్ట్రెబ్లస్ అనే పేర్లు చాలాకాలం వాడుకలో ఉన్నాయి.

దీని కవచం కాల్సైట్‌తో ఏర్పడుతుంది. కుడ్యమంతా సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. గదులు సర్పిలంగా అమరుతాయి. పైవైపు చుట్లన్నీ కనిపిస్తాయి. కిందివైపు చివరి చుట్టు, నాభి మాత్రమే కనిపిస్తాయి.

లోబ్లిక్, టప్పన్ 1964, 1987 గ్రంథాలలో కుడ్యం రసాయన స్వభావానికి, నిర్మాణానికి ప్రాధాన్యమిచ్చారు. శిలాజంలో మిగిలేది కవచమే కనుక ఈ పద్ధతి సమంజసమే. అయితే జాతుల స్థాయిలో ఇది చాలదు. గదుల సంఖ్య, పరిమాణం లవణీయతను, ఉష్ణోగ్రతను బట్టి మారవచ్చు.

2004లో హేవర్డ్ బృందం డి.ఎన్.ఎ. ఆధారంగా ఈ ప్రజాతిలో 13 రకాలను పరిశీలించి, కవచ లక్షణాలను నిశితంగా కొలిస్తే వాటిని చాలావరకు వేరుచేయవచ్చని చూపింది. అంటే లోపం కవచానిది కాదు, కొద్ది లక్షణాలతోనే పేరు నిర్ణయించే అలవాటుది.

జాతి పేరు తప్పితే లవణీయత, కాలుష్యాలపై తీసే నిర్ధారణా తప్పుతుంది. కిష్టారెడ్డిపేట పరిసరాల గ్రానైటులో ఇవి దొరకవు. కాబట్టి తీరం నుంచి తెచ్చిన నమూనాను పరిశీలించే విద్యార్థి పేరుతోపాటు రెండువైపుల పటాలు, కొలతలు తప్పక నమోదు చేయాలి.